"వదినకు స్టామినా ఎక్కువ" అంటున్నారు, నాకేమో ఓపిక అయిపోయింది

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా వారు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్. ఎనిమిది నెలల క్రితం ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు. మాటలు మాత్రం ఐదారుకు మించి రావడం లేదు. ఇంట్లో మా అత్తయ్య, ఇంటర్ సెకండియర్ చదివే అబ్బాయి ఉన్నారు. మా మరిది హైదరాబాద్‌లో ఉంటాడు. మంచివాడే, రోజూ ఫోన్ చేస్తాడు. చుట్టాలందరితో "మా వదినకు స్టామినా ఎక్కువ" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొస్తోంది. స్కూలు వదిలాక స్కూటీ స్టార్ట్ చేయకుండా దాని మీదే పది నిమిషాలు ఊరికే కూర్చుంటున్నాను. ఇంటికి వెళ్ళాలనిపించదు. ఆ పది నిమిషాలూ ఆయన దగ్గర దొంగిలించినట్టు ఉంటుంది. మా వారు అన్నం తింటూ ఏదో ఒక ఇంగ్లిష్ మాట తీసుకుని అది ఎక్కడ పుట్టిందో చెప్పేవారు. ఈ మాట గురించి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అడిగినా చెప్పలేరు. స్టామినా అంటే అసలు ఏమిటి? పుట్టుకతో వచ్చేదా? నాది అయిపోయిందా?

– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు:

అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. మీది అయిపోలేదు. ఎనిమిది నెలలుగా ఒక్క పూట విరామం లేకుండా చేసి చేసి అలిసిపోయారు. ఏదో ధైర్యం చెప్పాలని ఈ మాట అనడం లేదు. స్టామినా అనే మాట కడుపులోనే ఈ సంగతి ఉంది. మీ వారు చెప్పేటట్టే, కంచం ముందు కూర్చుని చెప్పుకుందాం.

స్టామినా లాటిన్ మాట. ఆ భాషలో స్టామెన్ అంటే పడుగు పోగు, మగ్గం మీద బట్ట పొడవునా లాగి కట్టే దారం. స్టామినా దానికి బహువచనం. అంటే పడుగు పోగులు, అంతే. కండలు, ఊపిరి, గుండె ధైర్యం ఇవేవీ మొదట ఆ మాటలో లేవు. ఇంగ్లిష్ వాళ్ళు ఆ బహువచనాన్నే తెచ్చుకుని, పోను పోను అది బహువచనమన్న సంగతి మరిచిపోయి, ఒకే ఒక వస్తువు పేరులా వాడుతున్నారు. డేటా అనే మాటకూ ఇదే జరిగింది. మీ వారికి ఈ ముక్క నచ్చుతుంది, చెప్పండి.

నేను మంగళగిరిలో నేతపని చేసే ఇంట్లో పుట్టాను. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవారు, అమ్మ కండెలు చుట్టేది. అందుకే నిఘంటువులో మొదటిసారి ఈ మాటకు అర్థం చూసిన రోజు చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. పరుగు పందేల వాళ్ళూ క్రికెట్ కామెంటేటర్లూ వాడే మాట అనుకున్నది మా ఇంటి నడవలోంచి వచ్చినట్టు అనిపించింది.

మగ్గం మీద పేక పోగుకు, అంటే పడుగుకు అడ్డంగా వేసే దారానికి కష్టం తక్కువ. నాడె అనే చిన్న చెక్క పడవలాంటి దానిలో కండెకు చుట్టుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెత్తుతుంది. ఒకసారి దాని చోట అది పడ్డాక ఇక దాన్ని ఎవరూ కదిలించరు. పడుగుకు ఆ సుఖం లేదు. చీర మొదలుపెట్టిన దగ్గర్నుంచి కోసేదాకా బిగువులోనే ఉంటుంది. కాలితో తొక్కినప్పుడల్లా పైకి లేవాలి, కిందికి దిగాలి. పేకను దగ్గరికి కొట్టినప్పుడల్లా రాపిడి తినాలి. తెగితే ఎక్కువగా తెగేదీ అదే. నేసిన చీర చూసి జనం అంచు బాగుందంటారు, రంగు బాగుందంటారు. పడుగు సంగతి ఎవరికీ గుర్తు రాదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఇదంతా గుర్తొచ్చింది.

లాటిన్ వాళ్ళు ఆ దారానికి స్టామెన్ అని ఎందుకు పేరు పెట్టారంటే, అది నిలబడి ఉంటుంది కాబట్టి. మన గుంట మగ్గంలో పడుగు నేలకు సమాంతరంగా సాగి ఉంటుంది. పూర్వం గ్రీకుల, రోమన్ల మగ్గం గోడకు చేరగిలేసిన నిచ్చెనలా నిలువుగా ఉండేది. పై దూలం నుంచి పడుగు పోగులు కిందికి వేలాడేవి. అవి వంగకుండా, ముడతలు పడకుండా కొసలకు మట్టి గుండ్లో రాతి గుండ్లో కట్టేవారు. బట్టలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి కానీ ఆ గుండ్లు ఇప్పటికీ తవ్వకాల్లో దొరుకుతున్నాయి. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. ఒక్క గుండును ఒక్క పోగుకు కట్టేవారు కాదు. ఒక గుత్తి పోగులను కలిపి, వాటికి ఒక గుండు కట్టేవారు. ఒక్క పోగుకు కడితే తెగిపోతుందని ఏ నేతగాడికైనా తెలుసు.

మీ ఇంట్లో ఎనిమిది నెలలుగా జరుగుతున్నది అదే. గుండు పెద్దది, దాన్ని తీసుకొచ్చి ఒక్క పోగుకు కట్టారు. తెగకుండా ఉన్నందుకు అందరూ మెచ్చుకుంటున్నారు. మీ మరిది మంచివాడని మీరే రాశారు, నేనూ నమ్ముతాను. ఆయన మెచ్చుకోలులో కల్మషం లేదు. కానీ ఆయన వాడిన మాటే ఆయనకు తెలియకుండా ఇంకో సంగతి చెబుతోంది. స్టామినా ఒక్క మనిషిలో ఉండేది కాదు, ఆ మాటే బహువచనం.

ఇక పుట్టుకతో వచ్చేదా అన్న ప్రశ్న. ఇంగ్లిష్‌లో ఈ మాటను మొదట వాడినవాళ్ళు అవుననే అనుకున్నారు. అందుకు కారణం పాత గ్రీకు, రోమన్ నమ్మకం ఒకటి. మనిషి ఆయుష్షు ఒక దారమనీ, ముగ్గురు దేవతలు దాన్ని చూసుకుంటారనీ వాళ్ళు అనుకునేవారు. గ్రీకుల లెక్కలో క్లోతో వడుకుతుంది, లాకెసిస్ కొలుస్తుంది, ఆట్రొపోస్ తెంపుతుంది. రోమన్లు ఈ ముగ్గురినీ కలిపి పార్కే అన్నారు. మన బ్రహ్మ నుదుట రాస్తే, వాళ్ళ దేవతలు నూలు వడికారు. రెండు వేల ఏళ్ళ క్రితం ఒక రోమన్ కవి ఈ దేవతలను దగ్గర్నుంచి చూసినట్టు వర్ణించాడు. పోగు మీద లేచిన నూగును పళ్ళతో కొరికి తీసేస్తుంటే, ఆ ఉన్ని ముక్కలు వాళ్ళ ఎండిపోయిన పెదవులకు అంటుకుని ఉన్నాయట. మా నాయనమ్మ రాట్నం ముందు కూర్చుంటే అచ్చం ఇలాగే ఉండేది, పై పెదవి మీద తెల్లగా దూది పీచు. ఆ కవి నేతపని ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుని ఉంటాడని నా నమ్మకం.

1670ల్లో స్టామినా ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఈ ఊహ కూడా వెంట వచ్చింది. అప్పట్లో ఏ వస్తువుకైనా ఉండే మూల పదార్థాన్ని, పుట్టుకతో వచ్చే సత్తువను ఆ మాటతో చెప్పేవారు. దేవతలు ఎవరికి ఎంత నూలు వడికితే వాళ్ళకు అంతే అన్నమాట. 1726 నాటికి అర్థం మారింది. తట్టుకునే శక్తి అనీ, దెబ్బ తిన్నాక తిరిగి కోలుకునే శక్తి అనీ వాడటం మొదలైంది. కోలుకోవడం అనే సగం ఎప్పుడు రాలిపోయిందో గాని, ఇప్పుడు మనకు తట్టుకోవడం ఒక్కటే మిగిలింది. స్టామినా ఉన్నవాళ్ళంటే కూర్చోనివాళ్ళు అనుకుంటున్నాం.

నిఘంటువు సంగతి అలా ఉంచండి. మగ్గం తెలిసినవాళ్ళెవరూ పడుగు బలం పుట్టుకతో వస్తుందని అనరు. రాట్నం మీంచి దిగిన నూలును ఉన్నదున్నట్టు మగ్గానికి ఎక్కిస్తే బెత్తెడు నేసేలోపే నూగు లేచి, పక్క పోగులతో చిక్కుపడి, పుటుక్కున తెగుతుంది. ముందు గంజి పెట్టాలి. నా చిన్నప్పుడు తెల్లవారుజామున, ఎండ ముదరకముందే మా వీధి పొడవునా పడుగు చాపేవాళ్ళు. ఈ కొసన ఒక గుంజ, ఆ కొసన ఒక గుంజ, మధ్యలో ఆసరాగా వెదురు కర్రలు. గంజిలో కాస్త నూనె కలిపి పోగులకు పట్టించేవాళ్ళు. తర్వాత పొడుగాటి కుంచె పట్టుకుని చెరో పక్కన ఇద్దరు నిలబడి ఒకే ఊపులో దువ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. నూగు అణిగి పోగు నున్నగా తేలేది. ఆరుతూ ఉండగానే మళ్ళీ దువ్వాలి, లేకపోతే పోగులన్నీ అట్టకట్టుకుపోతాయి. ఆ గంట గంటన్నర చాలా హడావిడి. గంజి పులిసిన వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతూనే ఉంటుంది.

అది ఒక్క ఇంటివాళ్ళు చేసుకోగలిగే పని కాదు. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ పిలవకుండానే వచ్చి చెయ్యి వేసేవాళ్ళు. వాళ్ళ పడుగు చాపిన రోజు మా నాన్న వెళ్ళేవారు. అటుగా వచ్చిన సైకిలు మనిషి దిగి, పక్కగా నడిపించుకుని పోయేవాడు. ఒక ఇంటి మగ్గం మీదికి ఎక్కే పడుగుకు వీధి వీధంతా కలిసి బలం ఇచ్చేది. కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. పోగు పుట్టుకతో వస్తుంది. దాని బలం మాత్రం పక్కవాళ్ళు వచ్చి పట్టిస్తే వస్తుంది, అదీ మళ్ళీ మళ్ళీ పట్టిస్తేనే.

మీ వారికి ఇంకో రెండు సంగతులు చెప్పండి, ఆయనకు ఇలాంటివి ఇష్టమన్నారు కదా. పువ్వులో ఉండే కేసరాన్ని కూడా ఇంగ్లిష్‌లో స్టామెన్ అనే అంటారు. అదీ దారంలాగే ఉంటుంది కాబట్టి. మీ పెరట్లో ముద్దమందారం కాకుండా మామూలు ఐదు రేకుల మందారం ఉంటే ఒకటి కోసి చూడండి. మధ్యలో కాడలాంటిది పొడుచుకొచ్చి, దాని మీద పసుపు పుప్పొడితో బోలెడు చిన్న చిన్న దారాలు ఉంటాయి. ఆ కేసరాల అడుగులన్నీ ఒకటిగా అతుక్కుపోవడం వల్లే ఆ కాడ తయారైంది.

రెండోది మన భారతంలో ఉంది. స్టామెన్‌కు మూలమైన పాత ధాతువుకు నిలబడటం అని అర్థం. ఇంగ్లిష్ స్టాండూ, స్టేషనూ, మన సంస్కృతంలోని స్థానం, స్థితి, స్థిరం అన్నీ ఆ కుటుంబమే. ఆ కుటుంబంలో స్టామెన్‌కు సొంత తోబుట్టువు లాంటి మాట సంస్కృతంలో ఒకటుంది, స్థామన్. నిఘంటువులు దానికి చోటు అనీ బలం అనీ అర్థాలు ఇస్తాయి. ఆ మాట మీరు పుస్తకాల్లో చూసి ఉండరు గానీ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నారు. అశ్వత్థామ పేరులో ఉన్నది అదే. పుట్టగానే దేవతల గుర్రం ఉచ్చైఃశ్రవంలా సకిలించాడు కాబట్టి ఆ పేరు పెట్టారని భారతం చెబుతుంది. మాటను విడదీస్తే గుర్రం బలం ఉన్నవాడు అని అర్థం వస్తుంది. ఆ మనిషి చివరికి ఏమయ్యాడో మీకు తెలుసు. మానని గాయంతో, పలకరించే దిక్కు లేకుండా మూడు వేల ఏళ్ళు తిరగమని కృష్ణుడు శపించాడు. అలిసిపోవడానికి, ఒకరి ఒడిలో తల పెట్టుకోవడానికి వీల్లేని బలాన్ని మనవాళ్ళు వరంగా రాయలేదు, శాపంగా రాశారు. మిమ్మల్ని ఎవరైనా నువ్వు అలవవు కదా అని మెచ్చుకున్నప్పుడు నాకు అశ్వత్థామే గుర్తొస్తాడు.

మనం రోజూ అనే టెన్షన్ కూడా మగ్గానికి దూరం కాదు. లాగి బిగించడం అని దానికి అర్థం. తంతువు అనే మాటా, టెన్షన్ అనే మాటా ఒకే వేరు నుంచి వచ్చాయి. నాకు టెన్షన్‌గా ఉంది అంటే నన్ను లాగి కట్టారు అని చెప్పడమే.

ఈ మధ్య ఆఫీసుల్లో, ట్రైనింగుల్లో రెసిలియన్స్ అనే ఇంకో మాట బాగా వినిపిస్తోంది. అదీ లాటిన్ నుంచి వచ్చిందే, వెనక్కి ఎగరడం అని అర్థం. నేలకేసి కొట్టిన బంతిలా అన్నమాట. నాకు ఆ మాట మీద అంత ప్రేమ లేదు. ఎనిమిది నెలల వెనక్కి మీరూ ఎగరలేరు, మీ వారూ ఎగరలేరు. పోగు అలా కాదు. తెగిన చోట అతికి, అక్కడి నుంచి ముందుకు నేసుకోవచ్చు.

ఇప్పుడు మన మాటకొస్తాను. మీరు శీర్షికకు పంపిన కాగితం మీద, పైన, ఓపిక అయిపోయింది అని రాసి కొట్టేశారు. కొట్టేసినా కనబడింది, అందుకే ఈ సమాధానానికి దాన్నే పేరుగా పెట్టాను. ఓపిక సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు. లాటిన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదనీ దీని కుటుంబం వేరనీ 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర నిరూపించాడు. ఆ సొంత కుటుంబం ఆస్తి ఈ ఓపు, ఓపిక. స్టామినాకు దీనికంటే దగ్గరి మాట నాకు తట్టలేదు. ఎందుకంటే ఇందులో రెండున్నాయి. ఒంట్లో ఓపిక లేదు అంటే శక్తి లేదని. కాస్త ఓపిక పట్టు అంటే సహనం పట్టమని. శక్తి ఉంటేనే సహనం ఉంటుందని ఈ మాట పుట్టించినవాళ్ళకు తెలుసు. రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టాల్సిన అవసరం వాళ్ళకు కనిపించలేదు.

కానీ మన ఇళ్ళలో ఆడవాళ్ళ విషయంలో ఈ ఒక్క మాటతోనే పెద్ద అన్యాయం జరుగుతోంది. ఆమె "నాకు ఓపిక లేదండీ" అంటుంది. ఎదుటివాళ్ళు "కొంచెం ఓపిక పట్టమ్మా" అంటారు. ఆమె అడిగింది ఒకటి, వీళ్ళు ఇచ్చింది ఒకటి. మాట ఒకటే కాబట్టి జవాబు చెప్పేశామనే అనుకుంటారు. మా అమ్మకు ఇలా చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆవిడ చివరి సంవత్సరాల్లో నేను అన్న ఆ మాట ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే మీకు ఓపిక పట్టమని నేను చెప్పను.

మీరు చేయాల్సినవి నాలుగు మాటల్లో చెబుతాను.

మీ మరిది ఈసారి ఫోన్ చేసినప్పుడు ఎలా ఉన్నావు వదినా అంటే, బాగానే ఉన్నాను అనకండి. "నాకు స్టామినా ఎక్కువని నువ్వు అందరికీ చెబుతున్నావు, సంతోషమే. కానీ నాకు ఓపిక లేదు. నెలకు రెండు శని, ఆదివారాలు నువ్వొచ్చి మీ అన్నయ్య దగ్గర ఉండాలి" అనండి. సాయం చెయ్యి అంటే ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు. రెండు శని, ఆదివారాలు అంటే తెలుస్తుంది. శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారం రాత్రికి వెళ్ళిపోవచ్చు. మొదటిసారి వచ్చినప్పుడు, ఆయన్ను మంచం మీంచి కుర్చీలోకి ఎలా దించాలో ఫిజియోథెరపిస్టు చేతే చూపించండి. నువ్వు లేకపోతే కుదరదు వదినా అనే మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ రెండు రోజుల్లో మీ మరిది మీలా చేయకపోవచ్చు. గంజి సరిగ్గా కాయకపోవచ్చు, దుప్పటి సరిగ్గా వేయకపోవచ్చు. పక్క గదిలోంచి వెళ్ళి సరిచేయకండి.

మీ అబ్బాయికి ఇంటర్ చదువు ఉంది, నిజమే. చదువు పాడవుతుందని అతన్ని ఈ పనికి పూర్తిగా దూరం పెట్టారేమో, మీ ఉత్తరంలో అతని గురించి ఒక్క వాక్యమే ఉంది. రోజుకు ఇరవై నిమిషాలు నాన్న దగ్గర కూర్చోమనండి. ఆ ఇరవై నిమిషాలు మాటల కోసం. పక్షవాతంలో మాట పోయినవాళ్ళలో చాలామందికి చెప్పడం కంటే అర్థం చేసుకోవడం ఎక్కువగా మిగిలి ఉంటుంది. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడాలి, జవాబు కోసం ఆగాలి, ఆయన తడుముకుంటున్న మాటను మనం లాక్కుని పూర్తి చేయకూడదు. ఇంకో విచిత్రం ఉంది. సొంతంగా మాట రానివాళ్ళు కూడా కొన్నిసార్లు అంకెలు వరసగా లెక్కపెట్టగలరు, బాగా తెలిసిన పాట పాడగలరు, చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యం అందుకోగలరు. ఒక పద్యం మొదటి పాదం అబ్బాయిని అనమనండి. రెండో పాదం కోసం తొందరపెట్టకుండా కూర్చోమనండి. స్పీచ్ థెరపిస్టు చెప్పిన అభ్యాసాలకు ఇది అదనం మాత్రమే, వాటిని మానకండి. కోలుకోవడం మొదటి నెలల్లో ఎక్కువ జోరుగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు.

అత్తయ్యగారి ఆరోగ్యం ఎలా ఉందో రాయలేదు. కూర్చుని చేసే పని ఏదైనా, మందులు పూటల వారీగా డబ్బాలో సర్దడం లాంటిది, ఆవిడకు ఇవ్వండి. కొడుకు మంచాన పడితే ఏమీ చేయలేకుండా చూస్తూ కూర్చోవడం తల్లికి ఎంత నరకమో వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత మీ ఒళ్ళు. ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీపీ, షుగర్ చూపించుకోండి. మీ వయసులో ఓపిక లేదనిపించడానికి రక్తం తక్కువ కావడమో థైరాయిడో కూడా కారణం కావచ్చు. దాన్ని మనసు బలహీనత అనుకుని ఏడ్చుకోవడం ఎందుకు. ఏడుపు, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆ స్కూటీ మీద పది నిమిషాల సంగతి. మా నాన్న సాయంత్రం మగ్గం దిగేముందు, పడుగు లాగి కట్టిన తాడును కాస్త వదులు చేసేవారు. ఎంత అలిసిపోయినా, అన్నానికి పిలిచినా, ఆ పని చేయకుండా లేచేవారు కాదు. రాత్రంతా బిగువులో ఉంచితే పొద్దున్నే పోగులు తెగుతాయి అనేవారు. నేస్తుండగా పోగు తెగితే, ఇంకా రెండు జానలు నేసి చూద్దాంలే అని ఎప్పుడూ అనలేదు. వెంటనే నాడె ఆపి, వంగి, వేల పోగుల్లో ఆ కొస వెతికి పట్టుకుని, ఇంకో ముక్క కలిపి మెలిపెట్టి అతికేవారు. చూడకుండా నేసుకుంటూ పోతే బట్ట పొడవునా గీత పడుతుంది, ఆ తెగిన కొస పక్కవాటికి చిక్కుకుని వాటినీ తెంపుతుంది. తెగినందుకు ఆయన పోగును తిట్టగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

మీరు స్కూలు బయట చేస్తున్నది ఆ తాడు వదులు చేయడమే. అందులో దొంగతనం లేదు. ఆ పది నిమిషాలను అరగంట చేయండి. స్కూటీ మీద కాదు, కాస్త నీడ ఉన్న చోట కూర్చోండి, లేదా స్నేహితురాలి ఇంట్లో టీ తాగండి. ఇంట్లో చెప్పే చేయండి, "నేను నాలుగున్నరకు కాదు, ఐదింటికి వస్తాను" అని. చెప్పి తీసుకుంటే ఆ తప్పు చేసిన భావం తగ్గుతుంది.

ఒక్క కోరిక. ఈ సమాధానం ఈరోజు రాత్రి అన్నాల దగ్గర మీ వారికి చదివి వినిపించండి. నెమ్మదిగా, ఒక్కో పేరా దగ్గర ఆగి. స్టామెన్ దగ్గర ఒకసారి, అశ్వత్థామ దగ్గర ఒకసారి ఆయన ముఖం చూడండి. ఇన్నేళ్ళు ఇంగ్లిష్ చెప్పిన మనిషి, నేను ఎక్కడైనా తప్పు చెప్పి ఉంటే ఆయనకు తెలిసిపోతుంది, ఆయనను చూస్తే మీకు తెలిసిపోతుంది. ఆయన చెయ్యి ఊపినా, తల అడ్డంగా ఆడించినా, ఒక్క మాట అన్నా నాకు రాయండి.